కుక్క నొప్పి, గూటిలోని మాత్ర: విస్తరణ సేవలు దాటవేస్తున్న ప్రశ్న

పొలం నుంచి తిరిగి వస్తున్న ట్రాక్టరు వెంట పరుగెత్తిన కుక్కకు చక్రం తగులుతుంది. ముందరి కాలు నేల మోపలేక మూడు కాళ్ల మీద ఇల్లు చేరి, కొట్టం మూలన ముడుచుకొని పడుకుంటుంది. అప్పటికి రాత్రి ఎనిమిది గంటలు. మండల కేంద్రంలోని పశువైద్యశాల తెరిచేది మర్నాటి ఉదయమే. ఇంటివారికి ఆ కుక్క మీద మమకారం ఉన్నది, దాని మూలుగు వినలేకపోతున్నారు, ఏదో ఒకటి చేయాలన్న తపన ఉన్నది. గూటిలో మాత్రల డబ్బా కూడా ఉన్నది. ఇంటి పెద్ద మోకాళ్ల నొప్పులకు వాడే మాత్రనో, జ్వరానికి తెచ్చిన 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్లనో అన్నం ముద్దలో దాచి నోటికి అందిస్తారు. మనిషికి పనిచేసినది కుక్కకు పనిచేయదా అన్న తర్కం వారిది. పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కుక్క నొప్పికి జరిగే ఇంటి వైద్యంలో అధిక భాగం ఇదే.

ఈ రాత్రిని గురించి విస్తరణ సాహిత్యంలో వెదికితే దొరికేది అత్యల్పం. గాలికుంటుకు టీకా, పొదుగువాపు, నట్టల నివారణ, గడ్డి విత్తనాలు, వీటికి కరపత్రాలకు కొదువ లేదు. కుక్క ప్రస్తావన వస్తే అది రేబీస్ టీకా దగ్గర ఆగిపోతుంది. నొప్పి మాట ఎక్కడైనా వచ్చినా దాని వెనుకనే ‘పశువైద్యుని సంప్రదించవలెను’ అన్న వాక్యం వచ్చి ముగుస్తుంది. ఆ వాక్యంలో తప్పు లేదు. కానీ పశువైద్యుడు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, తెల్లవారడానికి పది గంటలు మిగిలి ఉన్నప్పుడు, అది సలహా కాజాలదు. సలహా లేని చోటును మందుల దుకాణం ఆక్రమిస్తుంది. దుకాణంలో కూర్చున్న కుర్రవాడే ఆ రాత్రికి విస్తరణాధికారి అవుతాడు.

ఈ మౌనానికి కారణం ఊహించడం కష్టం కాదు. పాలు, మాంసం, గుడ్లు, ఉన్ని అనే లెక్కలతో ఎదిగిన పశుసంవర్ధక విస్తరణకు కుక్క ఏ పద్దులోనూ ఇమడలేదు. అనంతపురం, కర్నూలు మెట్టల్లో గొర్రెల మందల వెంట తిరిగే కురుబ, గొల్ల కాపరులను అడిగితే మాత్రం ఆ పద్దు ఏదో చెప్పగలరు. రాత్రి మందకు తోడేలు అలికిడిని ముందుగా పసిగట్టేది కుక్కే. వేరుశనగ, మొక్కజొన్న చేలలో అడవి పందిని అదిలించేదీ అదే. ఆర్థిక ప్రయోజనం మాట పక్కన పెట్టినా, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 3వ సెక్షన్ జంతువును సంరక్షణలో ఉంచుకున్న ప్రతి వ్యక్తిపైనా దానికి అనవసరమైన నొప్పి, బాధ కలగకుండా తగిన చర్యలు తీసుకొనే బాధ్యతను మోపింది. చట్టం బాధ్యతను యజమానికి అప్పగించినది. దానిని నెరవేర్చే తెలివిడిని అందించవలసిన వ్యవస్థ ఆ పని తనది కాదనుకున్నది.

మాత్రల లెక్క

ముందుగా ఆ అన్నం ముద్దలోని మాత్ర సంగతి. పారాసిటమాల్ వల్ల కుక్కకు కిలో శరీర బరువుకు 100 మిల్లీగ్రాముల స్థాయి నుంచి కాలేయానికి ముప్పు మొదలవుతుంది. ఆరు కిలోల కుక్కపిల్లకు ఒక్క 650 మాత్ర వేస్తే కిలోకు 108 మిల్లీగ్రాములు అందినట్లే. మోతాదు ఇంకా పెరిగితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతుంది. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. అదే ఇంట్లోని పిల్లికైతే ఆ మాత్రలో చిన్న ముక్క కూడా ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే ఆ మందును విరిచి బయటకు పంపే ఎంజైము పిల్లి కాలేయంలో లేదనదగినంత తక్కువ. ఐబుప్రోఫెన్ విషయంలో కిలోకు 25 మిల్లీగ్రాముల దగ్గరే కుక్క జీర్ణాశయంలో పుండ్లు పడే ప్రమాదం ఉన్నది. పదహారు కిలోల ఊరకుక్కకు ఒక్క 400 మిల్లీగ్రాముల మాత్రతో సరిగ్గా ఆ గీత చేరుకుంటాము. ఈ రెండు మందులూ ఒకే బిళ్లలో కలిసి వస్తున్నాయన్నది మరువరాదు.

స్టెరాయిడ్ కాని నొప్పి నివారణ మందులు ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకొని పనిచేస్తాయని విద్యార్థులు తరగతిలోనే చదువుతారు. ఆ ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయపు పొరను కాపాడుతూ, మూత్రపిండాలకు రక్త ప్రసరణను నిలుపుతూ ఉంటాయి. కుక్క శరీరంలో వీటిలో చాలా మందులు పైత్యరసంతో పేగుల్లోకి వెళ్లి తిరిగి రక్తంలోకి చేరుతుంటాయి. నాప్రోక్సెన్ పరిమాణం రక్తంలో సగానికి తగ్గడానికి మనిషిలో అర రోజుకు కాస్త ఎక్కువ పడితే, కుక్కలో దాదాపు మూడు రోజులు పడుతుంది. పూటకొక మాత్ర చొప్పున రెండు రోజులు వేసిన ఇంటివారు తమకు తెలియకుండానే ఒక దాని మీద మరొక మోతాదును పేర్చుతున్నారన్నమాట.

అసలు చిక్కు మాత్ర పనిచేయకపోవడంలో లేదు. అది పనిచేస్తుంది. కుక్క ఆ రాత్రి మూలుగు మానుతుంది, తెల్లవారి లేచి తిరుగుతుంది. చిట్లిన ఎముక ఉన్న కాలును మోపి పరుగెత్తుతుంది. ఇంటివారు సంతోషించి వైద్యశాలకు పోవడం మానుకుంటారు. మూడవ నాడో నాలుగవ నాడో తారు వంటి నల్లని విరేచనం, వాంతి, తిండి మానడం కనిపిస్తే వాటిని ఏదో తినరానిది తిన్నందువల్ల వచ్చినవిగా భావిస్తారు. మాత్రకూ ఆ మరణానికీ ఉన్న సంబంధం ఎవరి దృష్టికీ రాదు కనుక, ఆ మాత్ర మంచిదన్న పేరు ఊళ్లో అలాగే నిలిచిపోతుంది.

తెలుగు ప్రాంతాలలో దీనికి తోడు మరొక ప్రమాదం ఉన్నది. పిడుదుల ద్వారా వ్యాపించే ఎర్లీషియా జ్వరం ఇక్కడి కుక్కలలో సర్వసాధారణం. ఆ జ్వరంలో కీళ్లు బిగుసుకొని కుక్క కుంటుతుంది. చూసేవారికి అది దెబ్బ తగిలినట్లే కనిపిస్తుంది. కానీ లోపల రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. అటువంటి కుక్కకు నొప్పి మాత్ర వేయడమంటే రక్తస్రావానికి తలుపు తీయడమే. ముక్కు నుంచి రక్తం కారుతున్న కుక్కను వైద్యశాలకు తెచ్చినప్పుడు అంతకు రెండు రోజుల ముందు ఏం జరిగిందో అడిగి తెలుసుకోవడం అందుకే ముఖ్యం.

అడిగితే చెబుతారా అన్నది వేరే ప్రశ్న. చాలా మంది చెప్పరు. ‘డాక్టరుగారు తిడతారు’ అన్న భయం వారిది, ఆ భయం నిరాధారమైనదీ కాదు. మాత్ర సంగతి దాచిన కుక్కకు వైద్యుడు మంచి ఉద్దేశంతోనే మెలోక్సికామ్ సూదినో, డెక్సామెథసోన్‌నో ఇస్తాడు. ఒక నొప్పి మందు పైన మరొకటి, లేదా నొప్పి మందు పైన స్టెరాయిడ్ పడితే జీర్ణాశయానికి రంధ్రం పడేంత వరకు పోవచ్చు. విస్తరణ కార్యకర్త ఇంటింటికీ చేరవేయవలసిన మాటలలో దీనిని మొదటి వరుసలో ఉంచాలి. మాత్ర వేయకండి; వేసి ఉంటే ఆ మాత్ర అట్టను జేబులో పెట్టుకొని వైద్యునికి చూపండి. వైద్య విద్యార్థులకు చెప్పవలసినదీ ఒకటి ఉన్నది. ఆ అట్ట చూపిన మనిషిని మందలిస్తే, ఆ ఊరి నుంచి మరో అట్ట బయటకు రాదు.

‘అయితే సురక్షితమైన మందు పేరు చెప్పండి’ అన్న ప్రశ్న ప్రతి రైతు సదస్సులోనూ ఎదురవుతుంది. మెలోక్సికామ్ అని జవాబు చెప్పడం సులభం. పశువైద్యులు కుక్కలకు విరివిగా వాడే మందు అది. కానీ మనుషుల దుకాణంలో దొరికే బిళ్ల 7.5 లేదా 15 మిల్లీగ్రాములది. పదిహేను కిలోల కుక్కకు మొదటి రోజు కావలసినది 3 మిల్లీగ్రాములు, ఆ తరువాత రోజుకు 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. పెద్ద బిళ్ల ఒకటి ఆ కుక్కకు పది రోజుల మందు. వాంతులతో, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన కుక్కకైతే సరైన మోతాదు కూడా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మందు పేరును మోతాదు నుంచీ, రోగి పరిస్థితి నుంచీ విడదీసి వేదిక మీద చెప్పడం విస్తరణ అనిపించుకోదు.

నొప్పి మందులను విచక్షణ లేకుండా వాడిన పర్యవసానం మన దేశానికి కొత్త కాదు. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల్లో నశించాయని 2004లో తేలిన తరువాత, 2006లో పశువైద్యానికి ఆ మందు తయారీని ప్రభుత్వం నిలిపివేసింది. అయినా మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలు పశువుల సూదుల్లోకి చేరుతుండడంతో 2015లో వాటిని 3 మిల్లీలీటర్ల ఒంటి మోతాదుకు పరిమితం చేశారు. 2023లో కీటోప్రోఫెన్, ఏసిక్లోఫెనాక్‌లు, ఆ తరువాత నిమెసులైడ్ కూడా పశువైద్యంలో నిషేధానికి గురయ్యాయి. బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీది పొడుగు ముక్కు రాబందుల ఉదంతం తెలంగాణ విద్యార్థులకు ఈ కథను గుర్తుచేస్తూనే ఉన్నది. నిషేధపు వార్త రైతుకు ఎంతవరకు చేరిందన్నది విస్తరణ శాస్త్రవేత్తలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న. గూటిలోని మాత్రకు ఏ గెజెట్టూ వర్తించదు.

ఆ రాత్రికి చేయదగినవి

మందు వద్దన్న తరువాత మిగిలేది శూన్యం కాదు. నొప్పిలో ఉన్న కుక్కకు ఇంట్లో చేయగలిగిన ఉపశమనం గణనీయంగానే ఉన్నది. దానిని వైద్యం కంటే తక్కువ రకమైన పనిగా చూడడం వల్లనే అది పాఠాలకు ఎక్కలేదు.

మొదటిది మనిషి క్షేమం. నొప్పితో ఉన్న కుక్క తన యజమానినైనా కరుస్తుంది. దెబ్బ కనిపించకుండా, ఉన్నట్టుండి తీరు మారి, చొల్లు కారుస్తూ, మింగలేకపోతున్న కుక్కను, అందులోనూ టీకా లేని దానిని, రేబీస్ అనుమానంతోనే చూడాలి. గొంతులో ఎముక ఇరుక్కున్నదని నోట్లో చేయి పెట్టడం వల్ల ప్రాణాల మీదికి తెచ్చుకోవచ్చు. అటువంటి కుక్కను ముట్టుకోకుండా, వీలైతే ఒక గదిలో ఉంచి సమాచారం ఇవ్వడమే తగిన పని. దాని పంటి గాటు గానీ చొల్లు గానీ తగిలిన చోటును వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. ఈ హెచ్చరిక లేకుండా కుక్క నొప్పిని గురించి ఏ కరపత్రమూ అచ్చు కాకూడదు.

దెబ్బ సంగతి స్పష్టంగా తెలిసినప్పుడు, మెత్తని గుడ్డ పట్టీతో మూతిని వదులుగా చుట్టి చెవుల వెనుక ముడి వేస్తే పట్టుకోవడం సులభమవుతుంది; వాంతి చేసుకుంటున్న, రొప్పుతున్న కుక్కకు అది చేయరాదు. ఎత్తవలసి వస్తే కాళ్లు వేలాడేటట్లు కాకుండా పాత దుప్పటి మీదికో, చెక్క పలక మీదికో జరిపి ఇద్దరు మోయాలి. వాచిన చోట మొదటి రెండు మూడు రోజులు చల్లని కాపడం మేలు. మంచు ముక్కలను తువ్వాలులో చుట్టి పది, పదిహేను నిమిషాలు ఉంచి తీయడం, కొన్ని గంటలకు మళ్లీ పెట్టడం, అంతే. మంచు దొరకని చోట కుండ నీటిలో తడిపి పిండిన గుడ్డ చాలు. వేడి కాపడం కొత్త వాపుకు పనికిరాదు. అది పాత కీళ్ల నొప్పికి. గోనె సంచిలో ఎండుగడ్డి కూరి పరుపు చేయడం, గాలి వెలుతురు ఉండి జనం తొక్కిసలాట లేని మూలన పడుకోబెట్టడం, నీళ్ల గిన్నెను తల వంచితే అందేటంత దగ్గర పెట్టడం, ఇవి చూడడానికి అల్పమైనవి. కదలకుండా ఉంచడమే విరిగిన ఎముకకు ఆ రాత్రి దొరికే పెద్ద నొప్పి నివారిణి అని తెలిసినవారికి అల్పంగా కనిపించవు.

కట్టు విషయంలో కొంత నిదానం అవసరం. పుత్తూరు కట్టు పేరు తెలిసిన సీమలో ఎముక విరిగిందనగానే వెదురు బద్దలు గుర్తుకు రావడం సహజం. కుక్క కాలికి బిగించి కట్టిన బద్దలు, తాడు రక్తప్రసరణను ఆపివేస్తాయి. మూడు రోజులకు పాదం చల్లబడి, నల్లబడి, కట్టు విప్పేసరికి కాలే తీసివేయవలసిన స్థితి వస్తుంది. రక్తం కారుతున్న గాయాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టడం వేరు, ఎముకకు కట్టు కట్టడం వేరు. మొదటిది ఇంటివారి పని, రెండవది కాదు.

ఇంటి వైద్యంలో కొన్ని అలవాట్లను పేరు పెట్టి చెప్పకపోతే అవి పోవు. తలనొప్పికి రాసుకొనే బామును కుక్క కీలు మీద రాస్తారు. కుక్క దానిని నాకుతుంది. అందులోని మిథైల్ సాలిసిలేట్, కర్పూరం రెండూ కడుపులోకి పోతే విషమే. పురుగులు పట్టిన పుండులో ఫినాయిల్, కిరోసిన్, కలరా ఉండల పొడి పోయడం ఇప్పటికీ కనిపిస్తుంది. పురుగు చస్తుంది, దానితో పాటు పచ్చి మాంసం కాలుతుంది. అసలే భరించలేని నొప్పిలో ఉన్న జంతువుకు దానిని మించిన నొప్పి. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, మరిగించి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి, ఈగ వాలకుండా పలుచని గుడ్డ కప్పి ఉదయాన్నే వైద్యునికి చూపించడం ఇంట్లో చేయదగిన హద్దు. అయితే పాత అలవాట్లన్నీ ఒక్క గాటన కట్టవలసినవి కావు. ముసలి కుక్కకు చలికాలంలో పొయ్యి పక్కన చోటిచ్చే ముసలమ్మ పని ఏ శాస్త్రానికీ విరుద్ధం కాదు.

కొన్ని స్థితులలో తెల్లవారే దాకా ఆగడమే తప్పు. కడుపు ఉబ్బి, వాంతి రాక ఊరికే కక్కబోతున్న పెద్ద కుక్క, మూత్రం రాక ముక్కుతున్న మగ కుక్క, వెనుక కాళ్లు ఒక్కసారిగా పడిపోయిన కుక్క, పాము కాటుకు గురైనది, చిగుళ్లు తెల్లబడినది, వీటికి ఇంటి ఉపశమనం లేదు. రెండు రాష్ట్రాలలోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య సేవలు అందుకొనే ఏర్పాటు ఉన్నది. రాత్రి వేళ వాహనం రాకపోయినా, సమీపంలోని ఏ వైద్యుడు ఫోన్‌లో మాట్లాడగలడో ఆ కాగితం మీద ముందే రాసి ఉంచడం గ్రామ స్థాయి పశుసంవర్ధక సహాయకునికి పెద్ద భారం కాదు.

రోజూ ఉండే నొప్పి

ట్రాక్టరు దెబ్బ అందరికీ కనిపిస్తుంది. ఎనిమిదేళ్ల లాబ్రడార్ మెట్లు ఎక్కడం మానుకోవడం కనిపించదు, వయసు మీదపడిందంటారు. పట్టణ ఇళ్లలో పెరుగన్నం, బిస్కెట్లు తిని బరువెక్కిన కుక్కలకు, నున్నని గ్రానైటు నేల మీద జారుతూ లేచే కుక్కలకు కీళ్లవాతం రావడం వింత కాదు. ఇక్కడ మాత్ర కంటే ముందు గిన్నెను చూడాలి. 48 లాబ్రడార్ల మీద జీవితకాలం సాగిన అధ్యయనం 2002లో వెలువడింది. తన జోడీ కుక్క కంటే నాలుగింట ఒక వంతు తక్కువ తిన్న కుక్కలు సుమారు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, వాటిలో కీళ్లవాతానికి చికిత్స అవసరమయ్యేదీ ఆలస్యంగానే. ఇప్పటికే బరువెక్కి కుంటుతున్న కుక్క ఒంటి బరువులో ఆరు శాతం తగ్గినా నడకలో మార్పు తెలుస్తుంది. 35 కిలోల కుక్కకు అది రెండు కిలోల పైచిలుకు. నేల మీద పాత గోనె పట్టాలు పరచడం, గోళ్లు పెరగకుండా చూడడం, రోజుకు ఒక్కసారి దూరం నడిపించే బదులు కొద్ది కొద్దిగా మూడు సార్లు నడిపించడం, నిద్ర లేచిన తరువాత గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టడం, వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఒక మాత్రల అట్ట ధరను మించదు.

ఇవేవీ సరిపోని రోజు కూడా వస్తుంది. ఎముక క్యాన్సరు, కదలలేని వృద్ధాప్యం వంటి స్థితిలో ఇంటి ఉపశమనానికి అంతం ఉన్నదని చెప్పే ధైర్యం వృత్తిలో కావాలి. నొప్పి లేకుండా మరణింపజేయడం పశువైద్యుని చేతిలోని చట్టబద్ధమైన పని. ఆ మాట ఎత్తడానికి వైద్యుడూ జంకుతాడు, వినడానికి ఇంటివారూ జంకుతారు. ఫలితంగా ఆ కుక్కను సంచిలో వేసుకొని పోయి ఊరవతల వదిలి వస్తారు. తాము పాపం మూటగట్టుకోలేదనుకుంటారు. నొప్పి మాత్రం కుక్కతోనే ఉంటుంది, చూసేవారు లేరన్నదే తేడా.

రెండు అభ్యంతరాలు

పశువులకే సిబ్బంది చాలని చోట కుక్కల నొప్పి ఏమిటన్న ఆక్షేపణ తీసివేయదగినది కాదు. సిబ్బంది కొరత నిజమే. కానీ ఇక్కడ అడుగుతున్నది కొత్త పోస్టులను కాదు. ఇప్పటికే రేబీస్ టీకా శిబిరానికి వచ్చి వరుసలో నిలుచున్న యజమానులకు ఐదు నిమిషాల మాట, చేతికి ఒక కాగితం. కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించుకున్న దేశంలో, కుక్కను మెడపట్టి టీకాకు తేగలిగిన యజమాని ఎంతో విలువైనవాడు. నొప్పిలో దానిని జాగ్రత్తగా పట్టుకోవడం నేర్చినవాడే టీకా రోజున కూడా పట్టుకోగలుగుతాడు.

రెండవది మరింత బరువైనది. ఇంట్లో చేయదగినవి చెబితే జనం వైద్యశాలకు రావడం మానేస్తారని కొందరు పశువైద్యుల భయం. ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూస్తే ఈ భయం నిలువదు. ఏమీ చెప్పని కాలంలోనే జనం మాత్రలు వేస్తున్నారు, మాత్ర పనిచేసినందువల్లనే రావడం మానేస్తున్నారు. చల్లని కాపడం, కదలని పడక ఆ రాత్రిని గట్టెక్కిస్తాయి. వాపును, కుంటును దాచిపెట్టవు. ఉదయానికి కుక్క కుంటుతూనే ఉంటుంది కనుక ఇంటివారు బయలుదేరుతారు.

నొప్పికి తెలుగు మాటలు

ఇవన్నీ జరగాలంటే ముందుగా నొప్పిని గుర్తించాలి. అరవని కుక్కకు నొప్పి లేదనుకోవడం పెద్ద పొరపాటు. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనపు వివరణలో, మాటల్లో చెప్పలేకపోవడం నొప్పి లేదనడానికి ఆధారం కాజాలదని మనుషులకూ ఇతర జంతువులకూ కలిపి స్పష్టం చేసింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రూపొందిన సంక్షిప్త నొప్పి కొలమానం కుక్క చేసే శబ్దం, గాయం పట్ల దాని ధ్యాస, నడక, తాకితే స్పందన, తీరు, ఒంటి భంగిమ అనే ఆరు అంశాలకు 24 మార్కులు వేస్తుంది. ఆరుకు చేరితే చికిత్స అవసరం. అది ఆసుపత్రి కోసం. దీర్ఘకాలిక కీళ్ల నొప్పికి హెల్సింకీలో రూపొందిన పదకొండు ప్రశ్నల పట్టికను యజమానే నింపవచ్చు.

వీటిని తెలుగులోకి తేవడమంటే పదాలకు పదాలు పెట్టడం కాదు. ‘వేదనాపూరిత స్వరం’ అని రాస్తే ఏ కాపరీ గీత గీయడు. కుయ్యిమనడం వేరు, మూలగడం వేరు, గుర్రుమనడం వేరు, ఊళ వేయడం వేరు అని అతనికి తెలుసు. రాత్రంతా చోటు మార్చి చోటు మార్చి పడుకుంటున్నది, ఒకే చోట నాకుతున్నది, యజమాని వస్తే తోక ఆడించింది గాని లేవలేదు, ముందు కాళ్లు చాచి రొమ్ము నేలకు ఆనించి వెనుక భాగం పైకెత్తి నిలుచున్నది, ఈ వాక్యాలు ఇప్పటికే పల్లె నోట ఉన్నాయి. చివరిది కడుపు నొప్పికి గుర్తు అని మాత్రమే వారికి తెలియదు. సీమలో ఒక మాట, ఉత్తరాంధ్రలో మరొకటి, తెలంగాణలో ఇంకొకటి ఉండవచ్చు. ఆ మాటలను సేకరించి, యజమాని వేసిన మార్కును వైద్యుడు వేసిన మార్కుతో సరిపోల్చి, ఎక్కడ పొందిక కుదిరిందో, ఎక్కడ కుదరలేదో తేల్చడం పశువైద్య కళాశాల క్లినిక్కులో ఒక స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసానికి సరిపడే పని. వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఊళ్లలో గడిపే నెలలలో, పంటల సర్వే కాగితం వెనుక ఒక్క ప్రశ్న రాసుకొని వెళ్లవచ్చు: మీ కుక్కకు ఒంట్లో బాగాలేదని మీకు మొదట ఎలా తెలుస్తుంది?